పాఠభేదమా, దోషమా? కంప్యూటర్ దస్త్రాల్లో వ్యక్తినామాలు – మడకశిర ద్విభాషా ప్రాంతం ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రభుత్వ దస్త్రాలు కంప్యూటర్లలోకి మారిన తరువాత ఒకే వ్యక్తి పేరు రెండు దస్త్రాల్లో రెండు విధాలుగా ఉండటం పౌరుని హక్కులకు అడ్డంకిగా మారింది. దీనిని సాధారణంగా సాంకేతిక లోపంగానో, పరిపాలనా లోపంగానో చూస్తున్నారు. ఇది మౌలికంగా పాఠ పరిష్కరణకు చెందిన సమస్య అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు, కన్నడ భాషలు కలగలిసిన మడకశిర ప్రాంతపు నామరూపాలను ఆధారంగా చేసుకొని, చట్టం అనుమతించిన పాఠభేదాన్ని యంత్రం దోషంగా ఎట్లా మార్చిందో పరిశీలిస్తుంది. పరిష్కర్తలు తాళపత్ర ప్రతుల విషయంలో పాటించిన సూత్రాలు ఈ దస్త్రాలకు ఎంతవరకు వర్తిస్తాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: పాఠభేదం, లేఖక ప్రమాదం, వ్యక్తినామాలు, మడకశిర, భూమి రికార్డులు, యూనికోడ్, ఆధార్, లిప్యంతరీకరణ

1. ప్రస్తావన

తెలుగు పరిశోధనలో ‘పాఠం’ అనగానే కావ్యమో, శాసనమో, జానపద గేయమో గుర్తుకు వస్తుంది. అడంగల్, పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, ఆధార్ కార్డు వంటివాటిని పాఠాలుగా చదివే అలవాటు మన శాఖలలో తక్కువ. అయితే సామాన్య జనం జీవితంలో అత్యధిక ప్రభావం చూపే రచనలు ఇవే. వీటికి కర్త ఉన్నాడు, లేఖకుడు ఉన్నాడు, ప్రతులు ఉన్నాయి, ప్రతుల మధ్య భేదాలు ఉన్నాయి. ఒక కావ్యంలో పాఠభేదం అర్థాన్ని మారుస్తుంది. భూమి రికార్డులో పాఠభేదం భూమి ఎవరిదన్న ప్రశ్ననే లేవనెత్తుతుంది.

1966లో చేసిన ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం తెలుగును పరిపాలనా భాషగా గుర్తించింది. పరిపాలన ఏ భాషలో సాగాలో ఆ చట్టం చెప్పింది. ఆ భాషను యంత్రంలో ఏ సంకేతాలతో నిలపాలి, ఒక తెలుగు పేరు మరొక తెలుగు పేరుతో సమానమని ఎట్లా నిర్ణయించాలి అనే ప్రశ్నలు నాటికి పుట్టలేదు. ఆ ప్రశ్నలు తరువాత పుట్టాయి. వాటికి సమాధానాలు శాసనసభలో కాక సాఫ్ట్‌వేర్‌లో రూపొందాయి. చట్టానికీ కంప్యూటర్ సాంకేతికతకూ మధ్య ఘర్షణ మొదలైన చోటు ఇదే.

2. పాఠపరిష్కర్త దృష్టి

ఒకే పద్యానికి పది ప్రతుల్లో పది రూపాలు ఉన్నప్పుడు పరిష్కర్త ముందుగా వాటిని సేకరిస్తాడు, పోలుస్తాడు, ఏ భేదం ఎందుకు వచ్చిందో ఊహిస్తాడు. కంటికి ఒకేలా కనిపించే అక్షరాలను తారుమారు చేయడం, విన్నదాన్ని తన ఉచ్చారణ ప్రకారం రాయడం, తెలియని పదాన్ని తెలిసిన పదంగా ‘సరిదిద్దడం’ లేఖక ప్రమాదాలలో ప్రధానమైనవి. కడపలో పండితులను, లేఖకులను నియమించుకొని సి.పి. బ్రౌన్ చేయించిన పని ప్రధానంగా ఈ పోలికే. 1829లో ఆయన వెలువరించిన వేమన పద్యాల సంపుటం వెనుక అట్టి ప్రతుల సేకరణ ఉంది. పుణె భండార్కర్ సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన సంస్కృత మహాభారత సంశోధిత ముద్రణ ఈ పద్ధతికి విస్తృతమైన ఉదాహరణ. అందులో స్వీకరించిన పాఠం పైన ఉంటుంది, తిరస్కరించిన పాఠాంతరాలు పుట అడుగున నిలుస్తాయి.

ఈ సంప్రదాయం నుంచి ప్రస్తుత చర్చకు మూడు సూత్రాలు అవసరం. ఒకటి, భేదం ఉన్నంత మాత్రాన ప్రతి అసత్యం కాదు; భేదం కూడా ఒక సాక్ష్యమే. రెండు, పాఠ నిర్ణయం ఒక్క ప్రతిని బట్టి కాక అనేక సాక్ష్యాలను బట్టి జరగాలి. మూడు, తిరస్కరించిన పాఠాన్ని చెరిపివేయరాదు, నమోదు చేయాలి. కంప్యూటర్ దస్త్రాల నిర్వహణలో ఈ మూడూ ఎట్లా తారుమారయ్యాయో ముందు భాగాలు చూపుతాయి.

3. మడకశిర: రెండు భాషల నడుమ పేరు

మడకశిర నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో, కర్ణాటకలోని పావగడ, శిరా, మధుగిరి తాలూకాల మధ్యకు చొచ్చుకొని ఉన్న ప్రాంతం. మడకశిర, అమరాపురం, గుడిబండ, రొళ్ళ, అగళి మండలాలలో కన్నడం ఇంటి భాషగా, తెలుగు కచేరీ భాషగా ఉన్న కుటుంబాలు అనేకం. కన్నడ మాధ్యమ పాఠశాలలు ఈ ప్రాంతపు భాషా స్థితికి నిదర్శనాలు.

ఇక్కడ పేరు మార్పు కొత్త కాదు. అమరాపురం మండలంలోని హేమావతి ఒకనాటి నొళంబ పల్లవుల రాజధాని. దొడ్డేశ్వర, సిద్ధేశ్వర ఆలయాలతో ప్రసిద్ధమైన ఆ గ్రామం చరిత్రలో పెంజేరుగా, హెంజేరుగా కనిపిస్తుంది. పదాదిలోని పకారం కన్నడంలో హకారంగా మారిన పరిణామాన్ని ఎరిగినవారికి ఈ రెండు రూపాలు ఒకే ఊరివని చెప్పనక్కరలేదు. పాలు–హాలు, పులి–హులి, పల్లి–హళ్ళి జంటలలో ఉన్న సంబంధమే పెంజేరు–హెంజేరులలోనూ ఉంది. ఆ హెంజేరు హేమావతి కావడంలో తెలియని పదాన్ని తెలిసిన సంస్కృత పదంగా మలచుకొనే ధోరణి కనిపిస్తుంది. శాసన పరిశోధకుడు ఈ మూడు రూపాలనూ ఒకే ఊరికి చెందిన ఆధారాలుగా వాడుకుంటాడు. అక్షరాలను మాత్రమే పోల్చే యంత్రానికి ఇవి మూడు ఊళ్ళు.

వ్యక్తినామాలకు వస్తే భేదాలు మరింత సూక్ష్మమైనవి. కన్నడంలో ‘అణ్ణ’ అనేది తెలుగులో ‘అన్న’. అందువల్ల నాగణ్ణ–నాగన్న, చిక్కణ్ణ–చిక్కన్న, ఈరణ్ణ–ఈరన్న అనే జంటలు ఒకే మనిషికి సహజంగానే ఏర్పడతాయి. ఇంట్లో ణకారంతో పిలిచిన పేరు, తెలుగు గుమాస్తా చేతిలో నకారంతో నిలుస్తుంది. వీరభద్రుని పేరిట వచ్చిన ‘ఈరణ్ణ’ను చదువుకున్న లేఖకుడు ‘వీరన్న’ అని శుద్ధి చేయవచ్చు. భీమప్ప–బీమప్ప, శివన్న–సివన్న వంటివి ఉచ్చారణను బట్టి వచ్చినవి. అర్థం సైతం భాషను బట్టి మారుతుంది. ‘పుట్ట’ అంటే కన్నడంలో చిన్నవాడు, తెలుగులో చీమల పుట్ట. ఆధార్ వ్యాజ్యంలో మొదటి పిటిషనర్‌గా దేశమంతటికీ తెలిసిన న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి పేరును కన్నడిగుడు, తెలుగువాడు రెండు అర్థాలలో వినగలరు.

ఇంటిపేరు మరొక చిక్కు. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది. కన్నడ సంప్రదాయంలో చాలామందికి అట్టి ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరులోనిదో, ఊరి పేరులోనిదో తొలి అక్షరం ఉంటుంది. దరఖాస్తు ఫారంలో ‘ఇంటిపేరు’ గడి తప్పనిసరి అయినప్పుడు ఒకరు ఊరిపేరు, మరొకరు తండ్రి పేరు, ఇంకొకరు కులసూచకం నింపుతారు. స్త్రీల విషయంలో ఇది రెట్టింపవుతుంది. లక్ష్మక్క, లక్ష్మమ్మ, లక్ష్మీదేవమ్మ అనే రూపాలు వయసును, వరుసను, పిలిచేవారిని బట్టి ఒకే స్త్రీకి వర్తించవచ్చు. పుట్టినింటి దస్త్రానికీ మెట్టినింటి దస్త్రానికీ మధ్య ఆమె పేరు మారడం మామూలు సంగతి.

చివరకు ఆ ఊరి పేరే ఇందుకు ఉదాహరణ. ‘మడకశిర’ను రోమన్ లిపిలో రాసినప్పుడు శకార సకార భేదం మాయమవుతుంది. తిరిగి తెలుగులోకి మార్చినప్పుడు ‘మడకసిర’ రావడానికి అవకాశం ఉంది. పొరుగునున్న పెనుకొండకు, పశ్చిమ గోదావరిలోని పెనుగొండకు మధ్య ఉన్నది ఒక్క అక్షరమే. అయితే మొదటిది ఒకే ఊరికి రెండు రూపాలు, రెండవది రెండు వేరు వేరు ఊళ్ళు. ఏ భేదం పాఠభేదమో, ఏది వస్తుభేదమో చెప్పడానికి భాషాజ్ఞానం, స్థలజ్ఞానం రెండూ కావాలి.

4. కరణం నుంచి డేటాబేస్ వరకు

1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ అధీనంలోకి వచ్చాక, ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. రైతు నుంచి నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతి ఈ నేల మీద బలపడింది. ప్రభుత్వం ప్రతి రైతు పేరునూ రాసుకోవలసిన అవసరం ఆ పద్ధతిలోనే ఉంది. ఆ పేరును రాసినవాడు గ్రామ కరణం.

కరణం రాత అక్షరదోషాలు లేనిది కాదు. అతని చేతిలో అధికారం ఉంది, ఆ అధికారం కులంతో ముడిపడి ఉంది, దాని దుర్వినియోగానికి తెలుగు సాహిత్యమే సాక్ష్యం చెబుతుంది. కాబట్టి ఆ వ్యవస్థను ఆదర్శంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే పాఠానికీ మనిషికీ మధ్య వ్యాఖ్యాతగా కరణం ఉండేవాడు. దస్త్రంలోని ‘ఈరన్న’ ఎవరో అతనికి తెలుసు. అవసరమైతే ‘ఉరఫ్’ అని చేర్చేవాడు. దస్తావేజులలో తరచుగా కనిపించే ఈ ఉరఫ్, అలియాస్ అనే మాటలు నిజానికి పాఠాంతర సూచికలు. పుట అడుగున పరిష్కర్త రాసే గమనికకూ వీటికీ ప్రయోజనంలో తేడా లేదు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవడం ప్రజాస్వామ్యపరంగా అవసరమే. ఆ వ్యాఖ్యాత స్థానాన్ని మాత్రం తరువాతి ఏర్పాట్లు పూర్తిగా భర్తీ చేయలేదు. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో ‘కార్డ్’ పేరుతో కంప్యూటరీకరణ ఆరంభమైంది. 2011లో మీ సేవ, 2015లో మీ భూమి వచ్చాయి. చేతిరాత పుస్తకాలలోని పేర్లు ఒక్కొక్కటిగా టైపు అయ్యాయి. పాఠ చరిత్ర పరంగా చూస్తే ఇది తాళపత్రం నుంచి ముద్రణకు మారిన దశ వంటిది. ముద్రణకు ముందు ప్రతులను పోల్చి చూసే పరిష్కర్త అక్కడ ఉన్నాడు. ఇక్కడ టైపు చేసినవాడే ఆఖరి లేఖకుడయ్యాడు.

5. లిపి లోపల కనిపించని భేదాలు

కంప్యూటర్‌లో తెలుగు నిలిచిన తీరు కూడా ప్రభుత్వ నిర్ణయాల ఫలితమే. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరికను ఊహించిన ఇస్కీ ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఆమోదించింది. దాని తొలిరూపం ఆధారంగానే యూనికోడ్‌లో భారతీయ లిపులకు చోటు ఏర్పడింది. అందువల్ల యూనికోడ్‌లో తెలుగు, కన్నడ లిపులు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కొక్క దానికి 128 స్థానాలు. తెలుగు ‘క’కు సరిగ్గా 128 స్థానాల అవతల కన్నడ ‘క’ ఉంటుంది. మడకశిరలో గడప దాటినంత దూరంలో ఉన్న రెండు లిపులు యంత్రంలోనూ ఇరుగుపొరుగులే. అయితే రెండు లిపుల్లోనూ దాదాపు ఒకేలా కనిపించే అక్షరాలు యంత్రానికి ఏ సంబంధమూ లేని వేరు సంఖ్యలు.

ఒకే లిపిలోనూ ఇట్టి భేదాలు ఉన్నాయి. ‘రంగప్ప’ అనే పేరులో సున్న ఒక అక్షర చిహ్నం. టైపు చేసే వ్యక్తి దానికి బదులు తెలుగు అంకెల్లోని సున్నను వాడితే ‘ర౦గప్ప’ అవుతుంది. చదివేవారికి రెండూ రంగప్పలే. యంత్రానికి రెండవది మధ్యలో అంకె చొరబడిన వేరొక పదం. పొల్లును విడిగా నిలపడానికి వాడే, కంటికి కనబడని విభాజక సంకేతం ‘రాజ్‌కుమార్’ వంటి పేర్లలో తప్పనిసరి. ఒక దస్త్రంలో అది ఉండి మరొక దస్త్రంలో లేకపోతే రెండు పేర్లూ సమానం కావు. ఐత్వాన్ని కూడా ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ నిలపవచ్చు. ఈ రెండూ సమానమని యూనికోడ్ ప్రమాణమే చెప్పింది. ఆ సమానత్వాన్ని పాటించవలసింది సాఫ్ట్‌వేర్. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరపు ఒక సంకేత క్రమం ఐఫోన్లను స్తంభింపజేసిన ఉదంతంలోనూ ఆ క్రమం నడుమ ఇట్టి అదృశ్య సంకేతమే ఉంది.

తాళపత్ర లేఖకుడి పొరపాటు కంటికి కనిపిస్తుంది. ఈ పొరపాటు తెరపై కనిపించదు, కాగితంపై అచ్చైనా కనిపించదు. తన పేరు సరిగ్గానే ఉందని పౌరుడు చూపించగలడు. సరిగా లేదని యంత్రం చెబుతూనే ఉంటుంది.

వీటికి మించినది రోమన్ లిపి ద్వారా జరిగే నష్టం. ఆధార్ నమోదులో పేరు రోమన్ లిపిలోనూ, ప్రాంతీయ లిపిలోనూ నిలుస్తుంది. రోమన్‌లో టైపు చేసిన దానిని సాఫ్ట్‌వేర్ తెలుగులోకి మార్చి చూపుతుంది. సరిదిద్దడం నమోదుచేసే వ్యక్తి శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది. ఇ, ఆర్, ఎ, ఎన్, ఎన్, ఎ అనే ఆరు రోమన్ అక్షరాలను ఈరన్న, ఎరన్న, ఏరన్న, ఎర్రన్న అని ఏ విధంగానైనా చదవవచ్చు. ఇక్కడ హ్రస్వదీర్ఘ భేదం, ణకార నకార భేదం, రేఫ ద్విత్వం మూడూ పోయాయి. తెలుగుకు, కన్నడానికి ఉమ్మడిగా ఉన్న ఎకార ఏకార భేదం రెండు ద్రావిడ భాషల నడుమ కాపాడబడుతుంది. రోమన్ మధ్యవర్తిత్వంలో అది నశిస్తుంది. మూలం తెలుగైనప్పుడు రోమన్ దాని ఛాయ మాత్రమే. ఆచరణలో ఛాయ మూలమై, మూలం దానికి అనువాదమైంది.

6. చట్టం మాట, యంత్రం మాట

పేరులో తప్పు వస్తే ఏం చేయాలన్న విషయంలో భారతీయ చట్టాలు మూగవి కావు. వీలునామాలోని మాటలు లబ్ధిదారు ఎవరో తగినంతగా తెలుపుతుంటే, పేరులోనో వర్ణనలోనో ఉన్న పొరపాటు ఆ లబ్ధిని ఆపరాదని 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం 76వ విభాగం చెబుతుంది. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం రికార్డులోని నమోదు నిజమని భావించాలంటుంది, కానీ అందుకు విరుద్ధమైనది రుజువయ్యేవరకే. నమోదును మార్చేటప్పుడు నోటీసు, విచారణ ఉండాలని, అప్పీలుకు అవకాశం ఉండాలని కూడా ఆ చట్టమే నిర్దేశిస్తుంది. అంటే చట్టం దస్త్రాన్ని తుది పాఠంగా కాక, ప్రస్తుతానికి స్వీకరించిన పాఠంగా చూసింది. పరిష్కర్త దృష్టికి ఇది చాలా దగ్గర.

యంత్రం ఈ దృష్టిని పంచుకోదు. రెండు దస్త్రాలను అనుసంధానించినప్పుడు పేర్లు అక్షరానికి అక్షరం సరిపోవాలని కోరితే, పొరపాటు ఉన్నా అర్థమైతే చాలు అన్న చట్ట సూత్రం ఆ క్షణంలో ఆగిపోతుంది. గమనించదగినది ఏమిటంటే, ఈ నియమాన్ని ఏ శాసనసభా చేయలేదు. దానిపై చర్చ జరగలేదు, రాజపత్రంలో అది రాలేదు. చట్టంలో ‘రుజువయ్యేవరకు’ అన్న మాట పౌరునికి ఇచ్చిన రక్షణను, సాఫ్ట్‌వేర్‌లో ‘సరిపోలలేదు’ అన్న మాట తీసివేసింది. రుజువు చేసే భారం లేఖకుని నుంచి పౌరునిపైకి మారింది. తాను రాయని అక్షరానికి, తన భాషలో లేని స్పెల్లింగుకు అతడు సంజాయిషీ చెప్పుకోవాలి.

ఇది సాంకేతికత అనివార్యంగా తెచ్చిన ఫలితం కాదు. ఆధార్ ధ్రువీకరణకు రూపొందించిన సాంకేతిక నిర్దేశాలలోనే ఖచ్చితమైన పోలిక, పాక్షికమైన పోలిక అనే విభజన ఉంది. ప్రాంతీయ భాషలోని పేరును ఉచ్చారణ సామ్యంతో పోల్చే వీలునూ వాటిలో ఊహించారు. ఏ పనికి ఏ పోలిక చాలునన్నది మానవ నిర్ణయం. ఆ నిర్ణయం నిబంధనగా రాయకుండా సాఫ్ట్‌వేర్ అమరికలో దాగి ఉండటం వల్ల దానిని ప్రశ్నించడానికి చోటు లేకుండా పోయింది.

మరోవైపు తెలంగాణ అనుభవం ఉంది. 2020లో అక్కడ గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేసి, కొత్త పాసుపుస్తకాల చట్టం తెచ్చి, అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను ఆరంభించారు. రికార్డు సవరణకు కిందిస్థాయిలో ఉన్న మార్గాలు కుంచించుకుపోవడం దానిపై వచ్చిన ప్రధాన విమర్శ. 2025లో దాని స్థానంలో వచ్చిన భూ భారతి చట్టం అప్పీలు వ్యవస్థను తిరిగి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో హక్కుల రిజిస్టరుకు నిశ్చయాత్మకతను ఇవ్వదలచిన భూ యాజమాన్య హక్కుల చట్టం తీవ్ర వివాదమై, 2024లో రద్దయింది. రెండు రాష్ట్రాల రాజకీయాలు వేరు. పాఠ పరిష్కరణ పరంగా సారం ఒక్కటే: సవరణకు దారి లేని పాఠాన్ని తుది పాఠంగా ప్రకటిస్తే, అందులోని లేఖక ప్రమాదమూ తుదిదే అవుతుంది.

7. ప్రతివాద పరిశీలన

అక్షర సామ్యంలో కచ్చితత్వం లేకపోతే బినామీలకు, దొంగ పేర్లకు దారి ఏర్పడుతుందన్న వాదం తేలికగా తీసివేయదగినది కాదు. ఈరన్న, ఎర్రన్న ఒకే ఊళ్ళో ఉండే ఇద్దరు కావచ్చు. ఉచ్చారణ దగ్గరగా ఉందని వారిని కలిపివేస్తే ఒకరి భూమి మరొకరికి పోతుంది. ఇంగ్లీషు ఇంటిపేర్ల కోసం అమెరికాలో 1918లో పేటెంటు పొందిన సౌండెక్స్ వంటి పద్ధతిని తెలుగు పేర్లకు యథాతథంగా వర్తింపజేస్తే, అచ్చులను వదిలేసే ఆ పద్ధతిలో ఈరన్న, ఎర్రన్నల భేదం మిగలదు.

అయితే ఈ వాదం కోరేది కచ్చితత్వాన్ని కాదు, వివేచనను. పెనుకొండ–పెనుగొండల తేడా, నాగణ్ణ–నాగన్నల అభేదం ఒకే కొలమానంతో తేలవు. పాఠ పరిష్కర్త ప్రతి భేదాన్నీ అంగీకరించడు, ప్రతి భేదాన్నీ తిరస్కరించడు. ఇతర సాక్ష్యాలను అడుగుతాడు. భూమి విషయంలో అట్టి సాక్ష్యాలు సిద్ధంగా ఉన్నాయి: సర్వే నంబరు, చెక్కుబంది, తండ్రి పేరు, అనుభవం, పొరుగు రైతుల వాంగ్మూలం. పేరు ఒక్కటే సాక్ష్యమైనప్పుడు అక్షరం భారమవుతుంది. నాలుగు సాక్ష్యాలలో ఒకటైనప్పుడు అక్షరభేదం తన స్థానంలో తాను ఉంటుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని సూచనలు తేలుతున్నాయి. పౌరుని భాషలో, అతడు అంగీకరించిన రూపాన్ని మూలపాఠంగా నిలిపి, రోమన్ రూపాన్ని దాని నుంచి రాబట్టాలి. మడకశిర వంటి ద్విభాషా ప్రాంతాలలో కన్నడ రూపానికి కూడా చోటు ఉండాలి. దస్తావేజుల్లోని ‘ఉరఫ్’కు డేటాబేస్‌లో గడి కల్పించాలి. పేరు సరిదిద్దినప్పుడు పాత రూపాన్ని, మార్చిన తేదీని, ఆధారాన్ని నమోదు చేయాలి. అంకె సున్న, అదృశ్య సంకేతం వంటి భేదాలను పోలికకు ముందే తొలగించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పోలిక నియమం బహిరంగ నిబంధనగా ఉండాలి. సరిపోలలేదన్న ఫలితం విచారణకు ఆరంభం కావాలి, తీర్పు కారాదు.

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు, ఒక్క ఉత్తర్వుతో మడకశిర వాసుల చిరునామా మారింది. పాత కాగితాల్లో ఒక జిల్లా, కొత్త కాగితాల్లో మరొక జిల్లా ఉండటాన్ని ఎవరూ మోసంగా భావించరు. ప్రభుత్వం తాను చేసిన మార్పును పాఠభేదంగా అంగీకరిస్తుంది. లేఖకుని చేతిలో జరిగిన ణకార నకార మార్పుకు అదే న్యాయం రైతుకూ దక్కవలసి ఉంది.

కావ్యాల ప్రతులను పోల్చడంలో తెలుగు శాఖలు సంపాదించిన నేర్పు, మాండలిక అధ్యయనం, నామ విజ్ఞానం ఈ దస్త్రాలకు నేరుగా ఉపకరిస్తాయి. ఒక్కొక్క మండలానికి నామరూపాల పట్టికలను, వాటిలో ఏవి పాఠభేదాలో ఏవి భిన్న నామాలో వివరించే సూచికలను సిద్ధం చేయడం ఈ శాఖలు చేపట్టదగిన పరిశోధన. అట్టి పట్టికలు లేనంతకాలం ఈరణ్ణ, ఈరన్న ఒకరేనా అన్న ప్రశ్నకు భాష తెలిసినవారి సమాధానం దస్త్రానికి చేరదు. 128 స్థానాల అంకగణితమే తీర్పరిగా మిగులుతుంది.